గొంగడి బిల్డింగులో చివరి వరుస

ఫిబ్రవరి 18, బుధవారం

గొంతు డాక్టరు మాట్లాడవద్దన్నాడు. పాట మాట అసలే ఎత్తవద్దన్నాడు. ముక్కులోంచి సన్నని గొట్టం దింపి టీవీలో చూపించాడు. గొంతు తీగ మీద చిన్న గడ్డ, ఎర్రగా, రేగుపండు గింజంత. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, పది రోజుల్లో రా అన్నాడు. వెంట ఎవరూ రాలేదా అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను.

కొమురెల్లి జాతర మొదటి ఆదివారం నుంచే గొంతు బొంగురుపోయింది. శివరాత్రి పెద్దపట్నం నాడు నా పక్కన నిలబడే స్వామి చేతనే ఎక్కువ పాడించాను. అందరికీ జలుబని చెప్పాను. జలుబే కావచ్చు. మంచులో నిలబడి పాడితే ఎవరికైనా పడుతుంది.

మాట్లాడకుండా ఉండటం నాకు కష్టం కాదు. ఒగ్గుకథ చెప్పేటప్పుడు తప్ప బయట నేను మాట్లాడేది తక్కువ. దవాఖాన నుంచి వచ్చి పొద్దంతా ఒక్క మాట అనలేదు. బుచ్చమ్మ అన్నం పెట్టింది. కొడుకు నరేందర్ డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడు. నా మౌనం ఎవరికీ తేడాగా అనిపించలేదు.

నరేందర్ కంపెనీవాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన ఈ డైరీ టీవీ పక్కన ఊరికే పడి ఉంది. నోట్లో ఆగిన మాట ఎటో ఒక వైపు పోవాలి కదా. నా చదువు ఏడో తరగతి. ఎవరికో చూపించడానికి రాయడం లేదు.

ఫిబ్రవరి 19, గురువారం

గొంతు ఇవాళ నయం.

ఫిబ్రవరి 20, శుక్రవారం

నయమే. పొద్దున పెరట్లో 'మల్లన్నా' అని మెల్లగా పిలిచి చూశాను. వచ్చింది. చివర కొంచెం చీలింది, అంతే.

ఫిబ్రవరి 22, ఆదివారం

స్వామి వచ్చాడు. బుచ్చమ్మ తమ్ముడు, నా బామ్మర్ది. కథలో నా వంత. నేను ఒక ముక్క, విడుపు అంటాం దాన్ని, చెప్పి ఆపితే వాడు ఊకొట్టి అందుకుంటాడు. ఊకొట్టేవాడు లేకపోతే కథ నడవదు. కానీ ముందు నిలబడేది నేను. మా నాయన పోయిన తరువాత ఎన్నడూ వాడిని ముందు నిలబెట్టలేదు. వాడూ అడగలేదు. ఇప్పుడు వాడు గొంగడి బిల్డింగ్ దగ్గర వాచ్‌మన్.

ఆ పేరు మా వాళ్లు పెట్టుకున్నదే. పేపర్లో వచ్చే అసలు పేరు పొడుగైనది, నాకు నోరు తిరగదు. కోకాపేట అద్దాల మేడల నడుమ కడుతున్నారు. నాటకాలు, నాట్యాలు, కచేరీలు అన్నీ అందులోనే అవుతాయట. పై రాష్ట్రాల వాళ్లు, పై దేశాల వాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుపోతున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు మీది నుంచి చూస్తే, వానలో గొంగడి నెత్తి మీద వేసుకుని కూర్చున్న కాపరిలాగా ఉంటుంది. అట్లాగే గీశానని చెప్పింది దివ్యమ్మ. ఆ బిల్డింగ్ గీసిన పిల్ల ఆమె. అనంతపురం వైపు మనిషి. నన్ను తాతా అంటుంది.

ముందటేడు మా బస్తీలో మల్లన్న లగ్గం చేస్తుంటే చూడటానికి వచ్చింది. నేల మీద పసుపు, కుంకుమ, ఆకు పొడి పోసి పట్నం వేస్తుంటే మోకాళ్ల మీద కూర్చుని చూసింది. కథ అయ్యాక దాని మీద నడిచి చెరిపేస్తుంటే ఆ పిల్ల ముఖం మాడిపోయింది.

"ఇంత కష్టపడి వేసి తొక్కేస్తారా తాతా?"

"తొక్కేటందుకే వేస్తమమ్మా" అన్నాను.

ఆ రోజు మధ్యలో కరెంటు పోయింది. మైకు లేకుండానే కథ నడిపాను. ఆమె ఎక్కడో వెనక నీళ్ల ట్యాంకర్ దగ్గర నిలబడి ఉందట. ప్రతి మాటా వినపడిందట. మరుసటి రోజే వచ్చి అన్నది, నా హాలులో మైకు లేకుండా చివరి వరుస దాకా గొంతు వినపడాలి, మొట్టమొదటి గొంతు మీదే ఉండాలి అని.

డిసెంబరులో లోపల గోడలు మాత్రమే లేచి ఉన్నప్పుడు ఒకసారి పాడించి చూసింది. నేను స్టేజీ నడుమ, ఆమె చివర సిమెంటు బస్తా మీద. పాడాను. అంత దూరం నుంచి రెండు చేతులూ పైకెత్తి ఊపింది. నాకు మటుకు ఇంకొకటి తెలిసింది. నా గొంతు పోయి, గోడలన్నీ తడిమి, మళ్లీ నా దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్లు పాడాను గానీ నా గొంతు నేను వినడం అదే మొదలు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెప్పాలో తెలియదు.

ఇవాళ స్వామి కొత్త సంగతి తెచ్చాడు.

"బావా, ఉగాది దాటినంక ఓపెనింగట. పిలుపు కార్డుల మొట్టమొదలు నీ పేరే అచ్చేసిండ్రు."

"ఊఁ" అన్నాను.

"గింత పెద్ద ముచ్చట చెప్తే ఊఁ అంటవేంది? ఊకొట్టుడు నా పని కద."

బుచ్చమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వితే దగ్గు వచ్చింది. స్వామి నవ్వడం ఆపాడు.

ఫిబ్రవరి 26, గురువారం

కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటున్నాను. మిరియాలు, అల్లం, తేనె. బుచ్చమ్మ అడగకుండానే కాచి ఇస్తోంది.

డాక్టరు రమ్మన్న రోజు దగ్గర పడింది. ఓపెనింగ్ కానిచ్చి పోతాను. ఇప్పుడు ముక్క తీస్తే ఉన్న గొంతు కూడా పోతుంది. తరువాత ఎంత ముక్క కావాలంటే అంత తీసుకోనీ.

మార్చి 2, సోమవారం

దివ్యమ్మ ఫోన్ చేసింది. లోపలి కప్పుకు చెక్క పలకలన్నీ బిగించారట. శుక్రవారం మళ్లీ పాడి చూడాలి. బుచ్చమ్మ ఫోన్ ఎత్తి, వస్తడు బిడ్డా అని నన్ను అడగకుండానే చెప్పింది.

పాడి చూసుకుందామంటే ఇంట్లో వీలుకాదు. ఔటర్ పక్క సర్వీసు రోడ్డు మీదికి పోయాను. లారీలు ఒకదాని వెనక ఒకటి. ఎవరికీ వినపడదు. గొంతు విప్పి పాడాను. బాగానే ఉన్నట్టుంది. లారీల మోతలో నాకూ సరిగా వినపడలేదు.

మార్చి 4, బుధవారం

మళ్లీ లారీల దగ్గరికి పోయాను. బాగానే వచ్చింది.

మార్చి 6, శుక్రవారం

లోపలికి పోగానే కళ్లు తిరిగాయి. పైకప్పు నిండా సన్న చెక్క పలకలు, మడత మీద మడత. అచ్చం గొంగడి లోపలి వైపు. కుర్చీలన్నీ వేసి ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. మేము పోయేసరికి బెలూన్లు పగలగొట్టి ఆ చప్పుడును ఏదో మిషన్‌తో కొలుస్తున్నారు. రామచంద్రం గారు మిషన్ చూసి తల ఊపాడు. కట్టే కంపెనీ తరఫు పెద్ద ఇంజినీరు ఆయన. గోదావరి వైపు మనిషి, మర్యాదస్తుడు.

గొంగడి కప్పుకుని, ఒగ్గు డమరుకం చేత పట్టుకుని స్టేజీ నడుమ నిలబడ్డాను. స్వామి డోలుతో నా పక్కన. దివ్యమ్మ చివరి వరుసలో కూర్చుంది.

"మొదలుపెట్టండి తాతా."

మల్లన్న మేడలమ్మను లగ్గం చేసుకోవడానికి బయలుదేరే ఘట్టం ఎత్తుకున్నాను. అది నా చేతిలో పని. నిద్రలో లేపినా చెబుతాను. మొదటి విడుపు పోయింది. స్వామి ఊకొట్టాడు. రెండోదానికి ఆమె చెవి దగ్గర చేయి పెట్టుకుంది. మూడోదానికి లేచి నిలబడింది. నడుచుకుంటూ ముందుకు వచ్చి మధ్యలో ఆగింది. ఇంకా ముందుకు వచ్చింది.

"ఇంకొక్కసారి తాతా."

ఇంకొకసారి పాడాను. గోడల దగ్గరికి పోయి రావలసిన గొంతు రాలేదు. కాళ్ల దగ్గరే కూలబడింది.

"ఇక్కడికి బాగుంది. అక్కడికి పోయేసరికి ఏమీ లేదు" అన్నది దివ్యమ్మ. "పలకలు మింగేస్తాండాయి సార్."

"ఇందాక బెలూన్ పగలగొట్టి చూశాం కదండీ" అన్నాడు రామచంద్రం గారు. "మిషన్ బ్రహ్మాండంగా చూపించింది."

"మిషన్ టికెట్ కొనుక్కుని రాదు కదా సార్."

"అది కాదండీ. పెద్దాయన వయసు కూడా చూడాలి. ఏమండీ తాతగారూ, ఒంట్లో బాగుందా?"

అందరూ నా వైపు చూశారు. పైన నిచ్చెన మీద ఉన్న వడ్రంగులు కూడా. స్వామి నన్ను చూడలేదు. డోలు తాడు బిగిస్తున్నాడు.

"మంచిగనే ఉన్న" అన్నాను.

"డిసెంబర్‌లో ఇదే మనిషి, ఇదే పాట" అన్నది దివ్యమ్మ. "బస్తా మీద కూర్చుని విన్నా. ఊపిరి తీసుకునేది కూడా వినపడింది. అప్పుడు లేనివి, ఇప్పుడున్నవి పలకలే."

రామచంద్రం గారు మాకు టీ చెప్పించాడు. తాగలేక అక్కడే పెట్టి వచ్చాను.

మార్చి 7, శనివారం

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 8, ఆదివారం

స్వామి వచ్చాడు. గడప మీదే కూర్చున్నాడు.

"పలకలన్ని దించుతరట బావా. వచ్చే మంగళవారం కాక ఆపై మంగళవారం షురూ. దివ్యమ్మ పట్టు పట్టింది. పై సార్లు వచ్చిండ్రు. దించినంక గూడ గిట్లనే ఉంటె ఏం చేస్తవమ్మా అన్నరు. నేనే కొలువు ఇడిచిపెట్టి పోత అన్నది."

"నీ ముంగట్నే అన్నదా?"

"గేటు దగ్గర నిలవడి మాట్లాడుకున్నరు. వాచ్‌మన్ ఉన్నడని ఎవలు చూస్తరు?"

టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"బావా, ఒక మాట అడుగుదునా?"

"వద్దు."

"సరె."

నీళ్లు తాగి వెళ్లిపోయాడు. వాడు ఏమి అడుగుతాడో నాకెట్లా తెలుస్తుంది. డోలుకు కొత్త తోలు కావాలేమో.

మార్చి 9, సోమవారం

పలకలదే తప్పు కావచ్చు. ఆ పిల్ల చదువుకున్నది. ఊరికే అనదు.

మార్చి 11, బుధవారం

పోకుండా ఉండలేక పోయాను. చెబుదామనే పోయాను.

దివ్యమ్మ స్టేజీ అంచున కాళ్లు వేలాడేసుకుని డబ్బాలోంచి బొరుగుల ఉగ్గాని తింటోంది. పక్కన తెల్ల హెల్మెట్. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. మూతలో కొంచెం పెట్టి ఇచ్చింది. హాలులో ఇనుప గొట్టాలు దింపుతున్నారు. పలకల దాకా ఎక్కడానికి పరంజా కడతారట.

"ఎందుకొచ్చినారు తాతా ఎండలో?"

"ఊరికె."

"నాకు ఒకటి అర్థం కాలేదు" అన్నది పైకి చూస్తూ. "ఆ రోజు బస్తీలో మీరు గొంగడి నెత్తిన వేసుకుని పాడినారు కదా. గొంగడి అంచు కింద నుంచి గొంతు బయటికి వచ్చింది. బట్ట మింగలేదు, ముందుకు తోసింది. అది చూసే ఈ మడతలు గీసినా. ఎన్నిసార్లు లెక్క వేసినా సరిపోతాంది. మిషనూ సరిపోయిందంటాంది. మీ గొంతు ఒక్కటే లేదంటాంది. నాకు మిషన్ కన్నా మీ గొంతు మీదనే నమ్మకం."

ఉగ్గాని నోట్లో ఇసుకలాగా ఉంది.

"తప్పు నా గీతలోనే ఉండాదేమో. మా నాయనకు ఫోన్‌లో చెప్తే, నీవు చేసినదాంట్లో తప్పు ఒప్పుకునే ధైర్యం నీకుంటే చాలమ్మా అన్నాడు. ఒప్పుకుందామనుకుంటాండా."

"అమ్మా" అన్నాను.

అంతే వచ్చింది. దాని వెనక మాట రాలేదు, గాలి వచ్చింది. దగ్గాను. ఆమె గబగబా సీసా మూత తీసి ఇచ్చింది.

"దుమ్ము తాతా. ఇక్కడ అందరికీ ఇంతే."

నీళ్లు తాగాను. సీసా ఇచ్చి వచ్చేశాను.

ఆటో ఎక్కలేదు. ఎండలో నడిచే వచ్చాను. చెప్పేవాడినే. దగ్గు వచ్చింది. లేకపోతే చెప్పేవాడినే.

మార్చి 12, గురువారం

దగ్గు రాకపోతే చెప్పేవాడినే.

మార్చి 13, శుక్రవారం

అద్దంలో గొంతు చూసుకున్నాను. బయటికి ఏమీ కనపడదు. లారీల దగ్గరికి పోలేదు.

మార్చి 15, ఆదివారం

నరేందర్ బైటికి పోయాడు. బుచ్చమ్మ చింతపండు గింజలు తీస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"దవాఖానకు ఎన్నడు పోతవ్?"

"జలుబుకు దవాఖాన ఎందుకు?"

"నీ గురక మారి నెల దాటింది. నాకు చెవులు లెవ్వనుకున్నవా?"

నేను మాట్లాడకపోయినా ఎవరికీ తెలియదని మొదటి రోజు ఇదే డైరీలో రాసుకున్నాను. నిద్రలో చేసే చప్పుడు సంగతి నేను ఆలోచించలేదు.

"డాక్టరు చూసిండు. గడ్డ ఉన్నదన్నడు" అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది.

"స్వామిగాడు నిన్న నువ్వు లేనప్పుడు వచ్చిండు. ఏడ్చిండు."

"ఎందుకట?"

"అక్కా, బావ గొంతు పోయింది, నాకు ఎరుకే, పక్కన నిలవడ్డోనికి ఎరుకైతది అన్నడు. నేను చెప్తె, ముంగటికి వద్దామని చెప్తున్న అనుకుంటడు, గందుకే నోరు మూసుకున్న అన్నడు."

బుగ్గన ఉన్న కరక్కాయ ముక్కను అటు నుంచి ఇటు మార్చుకున్నాను.

"ఆ పిల్ల నిన్ను నమ్మి తన కప్పు తనే పీకుకుంటుంది. నీ గొంతు పోతె నీది పోయింది. ఆమె కొలువు ఎందుకు తీస్తవయ్యా?"

చింతపండు గిన్నె తీసుకుని లోపలికి పోయింది. పొయ్యి వెలిగించిన చప్పుడు కాలేదు.

మార్చి 16, సోమవారం

రేపు పలకలు దించుతారు.

మార్చి 17, మంగళవారం

తెల్లారి స్వామి గదికి పోయాను. వాడు డ్యూటీ దిగి పళ్లు తోముకుంటున్నాడు. నా గొంగడి, ఒగ్గు వాడి మంచం మీద పెట్టాను. వాడు వాటిని చూశాడు, నన్ను చూశాడు.

"గివి ఎందుకు?"

"ఇయ్యాల నువ్వు చెప్పు."

"బావా, నేను..."

"ముఖం కడుక్కో. పోదాం."

మేము పోయేసరికి పరంజా కప్పు దాకా లేచి ఉంది. వడ్రంగులు పైకి ఎక్కి కూర్చున్నారు. కింద రామచంద్రం గారు, దివ్యమ్మ నిలబడి ఉన్నారు. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

ఆమె దగ్గరికి పోయాను. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు లేవు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నా గొంతుల గడ్డ ఉన్నదమ్మా. డిసెంబర్ల గొంతు ఇప్పుడు లేదు. నీ కప్పుది తప్పు లేదు. దించకు."

కథలో కాకుండా బయట నేను ఒక్క విడతలో అన్ని మాటలు అనడం గుర్తు లేదు. సగం గాలికే పోయాయి. కానీ దగ్గరే ఉంది కాబట్టి వినపడ్డాయి.

"ఎప్పటి నుంచి?"

"శివరాత్రికి ముందుకెళ్లి."

"మొన్న అందరి ముందు బాగున్నా అన్నారు."

"అన్న."

"నేను ఎన్ని రోజులుగా నిద్రపోలేదో తెలుసా తాతా మీకు?"

తల వంచుకున్నాను. రామచంద్రం గారు ఏదో అనబోయాడు. ఆమె చేయి అడ్డం పెట్టి ఆపింది. కోపంలో కూడా ఆయనను అననీయలేదు నన్ను.

"స్వామి పాడుతడు" అన్నాను. "నేను ఆడ కూసుంట. చివరికి. నువ్వు గూడ కూసో. వినవడకపోతే దించు."

ఆమె స్వామి వైపు చూసి, పాడండి అన్నది. తాను చివరి వరుసకు నడిచింది. నేను వెనకాలే నడిచాను. ఆమె ఆ కొసన కూర్చుంది. నేను ఈ కొసన కూర్చున్నాను. కుర్చీ కవర్ చప్పుడు చేసింది.

అక్కడి నుంచి చూస్తే స్టేజీ మీద మనిషి బొటనవేలంత ఉన్నాడు. స్వామి గొంగడి కప్పుకున్నాడు గానీ, వెళ్లి ఎప్పుడూ తాను నిలబడే చోటే నిలబడ్డాడు. పక్కన, ఒక అడుగు వెనక. నా చోటు ఖాళీగా ఉంది. చేయి ఎత్తి నడుమకు జరగమని సైగ చేశాను. జరగలేదు. మళ్లీ చేశాను. అప్పుడు జరిగాడు.

ఒగ్గు మోగింది.

వాడు మల్లన్న పేరు ఎత్తుకున్నాడు. అది నా పక్కన కూర్చుని చెప్పినట్టు వచ్చింది. తరువాతి మాటకు ముందు వాడు ముక్కుతో ఊపిరి తీసుకోవడం కూడా వచ్చింది. పైన మడతలన్నీ ఆ గొంతును ఒకదానికొకటి అందించుకుంటూ, చేతులు మార్చుకుంటూ తెచ్చి ఇచ్చినట్టుంది. దివ్యమ్మ వైపు చూశాను. రెండు చేతులూ ముఖం మీద పెట్టుకుని ఉంది.

హాలు మంచిగా ఉంది. ఎంతో మంచిగా ఉంది.

స్వామి మాట చివర కొంచెం సాగదీస్తాడు. ఎదురుగా కూర్చుని వాడిని నేను ఎన్నడూ వినలేదు కాబట్టి నాకు తెలియదు. బాగుంటుంది. మా నాయన అట్లాగే సాగదీసేవాడు. నాకు రాలేదు అది.

మొదటి విడుపు అయింది. స్వామి ఆగాడు. అలవాటు. అక్కడ వంతవాడు ఊకొట్టాలి. వాడి పక్కన ఎవరూ లేరు. హాలు మొత్తం నిశ్శబ్దం. పైన వడ్రంగులు కిందికి వంగి చూస్తున్నారు, వీడు మరిచిపోయాడేమో అన్నట్టు. దివ్యమ్మ ముఖం మీది నుంచి చేతులు తీసింది. స్వామి కదలడం లేదు. చివరి వరుస వైపే చూస్తున్నాడు.

నాకు ఆలస్యంగా తట్టింది.

"ఊఁ" అన్నాను.

అది గొంతు కాదు. గాలి. నా పెదవులు దాటిందో లేదో కూడా తెలియదు.

స్వామి అందుకుని ముందుకు పోయాడు.

ఆ తరువాత ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊఁ అనాలో చూసుకుంటూ కూర్చున్నాను. ఏడ్చానేమో. పాట అయ్యాక దివ్యమ్మ లేచి, పైకి చూసి, దిగండి అన్నది వడ్రంగులతో. మామూలు గొంతుతోనే అన్నది. అంత ఎత్తున వాళ్లకు వినపడింది. రామచంద్రం గారు, మంచిదండీ అన్నాడు, అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. మర్యాదస్తుడని ముందే రాశాను.

దివ్యమ్మ వచ్చి నా పక్కన, ఒక కుర్చీ విడిచి కూర్చుంది.

"నాకు మీ మీద కోపం పోలేదు తాతా."

"ఉండనియ్యమ్మా."

"దవాఖానకు ఎప్పుడు పోతారు?"

"రేపు."

"కారు పంపుతా."

"బస్సుల పోతం. స్వామి వస్తడు."

అక్కడ స్టేజీ మీద స్వామి గొంగడి మడత పెడుతున్నాడు. దాని చప్పుడు కూడా వినపడుతోంది.

"కార్డులో పేరు మార్పించాలి" అన్నది.

"ఊఁ" అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు గేటు దాటాక స్వామి నోరు విప్పాడు.

"బావా, ఊకొట్టుడు లేటైంది నీది."

ఆగిపోయాను.

"నీకు వినవడ్డదా?"

"లేటైందని చెప్తున్న కద" అన్నాడు, ముందుకు నడుస్తూ.

మార్చి 18, బుధవారం

ముక్క తీశారు. ఫలితం పండుగ దాటాక చెబుతారట. ముందే ఎందుకు రాలేదని డాక్టరు కోప్పడ్డాడు. నా బదులు స్వామి తిట్లు తిన్నాడు. అసలు మాట్లాడకూడదు, గుసగుస కూడా కూడదు అన్నాడు. ఈసారి వినేవాళ్లు ఇద్దరు ఉన్నారు, నేనూ స్వామీ.

బస్‌స్టాపులో ఇనుప బెంచీ మీద కూర్చున్నాం. ఎండ. జనం. రేపటి పచ్చడికి మామిడికాయలు, వేపపువ్వు పట్టుకుని పోతున్నారు. స్వామి కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు. తరువాత మెల్లగా, నా ఒక్కడికి వినపడేంత గొంతుతో, మేడలమ్మ లగ్గం ఎత్తుకున్నాడు. అది నేను చెప్పే ఘట్టం. వాడు ఎన్నడూ చెప్పలేదు. ఒకచోట తప్పాడు. మోకాలు మీద తట్టాను. వెనక్కి పోయి సరి చేసుకున్నాడు.

విడుపు దగ్గర ఆగాడు. నా వైపు చూడలేదు. రోడ్డునే చూస్తూ ఆగాడు.

వేలి ఉంగరంతో బెంచీ మీద ఒక్క దెబ్బ కొట్టాను.

"ఆఁ" అన్నాడు. "గిప్పుడు టైముకు పడ్డది."

బస్సు వచ్చింది. వాడు ఎక్కుతూ కూడా ఆపలేదు.